లూపస్ పేషెంటుకు ఇంటి నర్సింగ్: బరంపురంలో ఒక సర్వీసు పనితీరు

బరంపురంలో ఇంటికొచ్చి చేసే నర్సింగ్ అంటే ఇదివరకు ఆపరేషన్ కట్లు మార్చడం, మంచాన పడ్డ పెద్దవాళ్లకు యూరిన్ పైపు వెయ్యడం, సెలైన్ పెట్టడం, అంతే. ఇప్పుడు ఒక సర్వీసువాళ్లు దీర్ఘకాలిక జబ్బులకని ప్యాకేజీ పెట్టి, అందులో లూపస్‌ను కూడా చేర్చారు. నెలకు ఎనిమిది విజిట్లు, ఒక రికార్డు పుస్తకం, ఏ వేళైనా ఫోన్ చేసి అడగొచ్చన్న మాట. ఇక్కడి తెలుగు ఇళ్లల్లో చాలామంది విశాఖలో డాక్టరుకు చూపించుకుని, రెండు మూడు నెలలకోసారి రైలెక్కి వెళ్లొస్తుంటారు. ఆ మధ్య రోజుల్లో తెలిసిన మనిషి ఒకరు ఇంటికొచ్చి చూసిపోతే ఎంత ధైర్యమో, ఈ జబ్బున్న ఇంటివాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ ధైర్యానికి ఈ సర్వీసు ఎంతవరకు తగినదో చెప్పడానికే ఇది. రెండు ఇళ్లల్లో మూడు నెలల విజిట్లూ, రికార్డు పుస్తకాల్లో ప్రతి పేజీ చూసి రాసింది. సర్వీసు పేరు రాయడం లేదు. ఇక్కడ కనిపించిన లోపాలు మరో చోట కూడా ఉండేవే.

ముందే చెప్పేస్తే: సూది పని, బీపీ, మాత్రల డబ్బా సర్దడం బాగా చేస్తున్నారు. మూత్రం పరీక్ష, జ్వరం వచ్చిన రోజు చెయ్యాల్సిన పని, ఈ రెండూ సరిగ్గా లేవు. లూపస్‌లో ఈ రెండే ముఖ్యం.

ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థ ఆ ఒంటి మీదే తిరగబడడం లూపస్. పదిమంది పేషెంట్లలో తొమ్మిదిమంది ఆడవాళ్లు, అందులోనూ ఎక్కువమంది 15 నుంచి 45 ఏళ్ల లోపువాళ్లు. ముక్కు మీదుగా రెండు బుగ్గల మీదికి పాకే ఎర్రదద్దు అందరికీ కనిపిస్తుంది, దాని గురించే అందరూ అడుగుతారు. కిడ్నీ దెబ్బతినేటప్పుడు మాత్రం నొప్పి ఉండదు, మంట ఉండదు. మనిషి వంట చేసుకుంటూ, పిల్లల్ని బడికి పంపిస్తూ తిరుగుతూనే ఉంటుంది. లోపల ప్రోటీన్ మూత్రంలో పోతూనే ఉంటుంది. అందుకే ఈ జబ్బుకొచ్చే నర్సు ముఖం కన్నా ముందు మూత్రం చూడాలి.

మొదటి విజిట్ తీరు మెచ్చుకోదగ్గది. సిస్టర్ ఫైలంతా ముందేసుకుని కూర్చుంది. జబ్బు సంగతీ కిడ్నీ సంగతీ తెలిపే ఏఎన్ఏ, డీఎస్ డీఎన్ఏ, సి3, సి4, క్రియాటినిన్, బ్లడ్ కౌంట్ రక్త పరీక్షల రిపోర్టులు తారీఖుల వరసలో పెట్టి ఫోటోలు తీసుకుంది. ఇంట్లో ఉన్న మందు షీట్లన్నీ బల్ల మీద పరిచి, చీటీలో ఉన్నవీ లేనివీ విడదీసింది. ఒక ఇంట్లో మోకాళ్ల నొప్పికని మందుల షాపులో అడిగి తెచ్చుకున్న డైక్లోఫినాక్ షీటు బయటపడింది. కిడ్నీలో జబ్బు ఉన్నవాళ్లు ముట్టుకోకూడని మాత్ర అది. ఐబుప్రొఫెన్ కూడా అంతే. సిస్టర్ ఆ షీటు పక్కన పెట్టించి, డాక్టరుకు చూపించాలని పుస్తకంలో ఎర్ర పెన్నుతో రాసింది. ఈ ఒక్క పనికే మొదటి విజిట్ డబ్బులు దండగ కాలేదు.

కానీ ఆ రోజే చెయ్యాల్సినవి కొన్ని వదిలేశారు. బరువు నోటితో అడిగి రాసుకున్నారు, తూచలేదు. నోరు తెరిపించి టార్చి వెయ్యలేదు. లూపస్ పుండు చాలాసార్లు నాలుక మీదో పెదవి మీదో రాదు. పైన గట్టి అంగిలి మీద వస్తుంది, ఎక్కువసార్లు నొప్పి కూడా ఉండదు. పేషెంటును తల వెనక్కి వాల్చమని, పెట్టుడు పళ్లుంటే తీయించి, టార్చి కింది నుంచి పైకి వెయ్యాలి. గులాబీ రంగు అంగిలి మీద ఎర్రటి అంచుతో, మధ్యలో తెల్లగా పలచబడ్డ మచ్చ కనిపిస్తే జబ్బు తిరగబెడుతోందేమోనని అనుమానించాలి. పెరుగులా తెల్లగా అంటుకుని, గుడ్డతో తుడిస్తే ఊడొచ్చి కింద ఎర్రగా కనిపిస్తే అది స్టెరాయిడ్ వల్ల వచ్చిన ఫంగస్. ఈ రెంటికీ మందు వేరు. పట్టుమని అర నిమిషం పట్టని పరీక్ష ఇది. మూడు నెలల్లో ఒక్కసారి కూడా జరగలేదు.

ఇక మూత్రం సంగతి. ప్యాకేజీలో నెలకోసారి స్ట్రిప్ పరీక్ష, అంటే రంగు గడులున్న సన్నటి పట్టీని మూత్రంలో ముంచి చూడడం, అని ఉంది. చేశారు, అయితే చేసిన తీరు వల్ల ఆ ఫలితాన్ని నమ్మలేం. సిస్టర్ మధ్యాహ్నం మూడింటికి వచ్చి, అప్పటికప్పుడు పట్టి ఇమ్మంది. స్ట్రిప్పుల డబ్బా మూత తీసి బల్ల మీద పెట్టి, మాట్లాడుతూ మాట్లాడుతూ రెండు మూడు నిమిషాల తర్వాత మూసింది. స్ట్రిప్ ముంచి, పక్కన పెట్టి, బీపీ చూసి, వచ్చి రంగు సరిపోల్చింది. అప్పటికి ఎంత సమయమైందో ఎవరికీ తెలియదు.

జరగాల్సింది ఇలా. పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రం, అందులోనూ మొదట కాస్త వదిలేసి మధ్యలోది, శుభ్రమైన గిన్నెలో పట్టాలి. నెలసరి రోజుల్లో చెయ్యకూడదు, రక్తం గడి తప్పుగా చూపిస్తుంది. డబ్బాలోంచి ఒక్క స్ట్రిప్ తీసి వెంటనే మూత బిగించాలి. బరంపురం గాలిలో, అందులోనూ గోపాలపూర్ వైపు సముద్రపు చెమ్మలో, ఆ డబ్బా మూత తీసి ఉంచితే గడులు వాటంతటవే రంగు మారతాయి. డబ్బా ఫ్రిజ్‌లో పెట్టకూడదు, బాత్రూంలో అసలు పెట్టకూడదు. స్ట్రిప్ ముంచి వెంటనే తీసి, అంచును గిన్నె గోడకు రాసి, ఎక్కువైన తడి పోగొట్టి, అడ్డంగా పట్టుకోవాలి. నిలువుగా పట్టుకుంటే ఒక గడి రంగు పక్క గడిలోకి కారుతుంది. ప్రోటీన్ గడిని చాలా కంపెనీల స్ట్రిప్పుల్లో సరిగ్గా 60 సెకన్లకు చూడాలి, డబ్బా మీద రాసి ఉంటుంది. ఫోన్లో టైమరు పెట్టుకోవాలి. పసుపుగా ఉంటే ప్రోటీన్ లేదు. ఆకుపచ్చ ఎక్కిన కొద్దీ ప్రోటీన్ ఎక్కువ. 1 ప్లస్ అంటే డెసిలీటరుకు సుమారు 30 మిల్లీగ్రాములు, 2 ప్లస్ 100, 3 ప్లస్ 300. నీళ్లు తాగక మూత్రం చిక్కబడితే 1 ప్లస్ ఊరికే చూపించొచ్చు. అందుకే ఒకసారి వస్తే కంగారు పడకుండా మరుసటి రోజు పొద్దున మళ్లీ చెయ్యాలి. రెండుసార్లూ వస్తే ల్యాబులో ప్రోటీన్ క్రియాటినిన్ రేషియో చేయించాలి. ఆ రేషియో 0.5 దాటితే కిడ్నీ బయాప్సీ, అంటే సూదితో చిన్న ముక్క తీసి చూసే పరీక్ష, గురించి డాక్టరు ఆలోచించే స్థాయి. ఆ కాగితం పట్టుకుని మరుసటి అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు, అదే వారంలో చూపించాలి.

నెలకోసారి కూడా చాలదు. కిడ్నీలో ఇదివరకు జబ్బు వచ్చినవాళ్లకైనా, కొత్తగా జబ్బు తేలినవాళ్లకైనా, పదిహేను రోజులకోసారి ఇంట్లోనే స్ట్రిప్ చేసుకుని పుస్తకంలో రాసుకోవడం మంచిది. సర్వీసువాళ్లు ఇది ఇంటివాళ్లకు నేర్పితే చాలు, ప్రతిసారీ రానక్కర్లేదు. నురుగు కూడా చూడమని చెప్పాలి. పోసిన తర్వాత కమోడ్‌లో సబ్బు నురుగులా చాలాసేపు నిలిచి ఉంటే అది ప్రోటీన్ కావచ్చు.

వాపు చూసే పద్ధతి మాత్రం ఈ సిస్టర్లకు బాగా తెలుసు. మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో కొన్ని సెకన్లు నొక్కి, తీశాక గుంట ఎంతసేపు ఉందో చూశారు, రెండు కాళ్లకీ చూశారు. రెండు కాళ్లూ సమానంగా వాస్తే కిడ్నీ వైపు ఆలోచన. ఒకే కాలు వాచి, పిక్క పట్టుకుంటే నొప్పి ఉంటే రక్తం గడ్డ కట్టిందేమోనన్న అనుమానం. లూపస్‌లో కొందరికి యాంటీ కార్డియోలిపిన్ లాంటి యాంటీబాడీలు ఉండి రక్తం తొందరగా గడ్డ కడుతుంది. ఆ రిపోర్టు పాజిటివ్ ఉందా అని ఫైల్లో వెతికి, పుస్తకం మొదటి పేజీలో రాశారు. ఇది తెలిసినవాళ్లు చేసే పని.

బీపీ కూడా బాగుంది. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, కాళ్లు నేలకు ఆనించి, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద పెట్టించి చూశారు. పట్టీ సైజు రెండు రకాలు తెచ్చుకున్నారు. సన్నగా ఉన్న అమ్మాయి చేతికి పెద్ద పట్టీ చుడితే బీపీ తక్కువ చూపించి మోసం చేస్తుంది. కిడ్నీలో లూపస్ ఉన్నవాళ్లకు 130/80 లోపు ఉండాలని పుస్తకంలో రాసి ఉంది, సరైన లెక్కే.

షుగరు దగ్గర మళ్లీ తప్పు. స్టెరాయిడ్ వాడుతున్నారు కాబట్టి ప్రతి వారం పరగడుపున వేలి సూదితో చూసి, 88, 92, 90 అని రాసి, బాగుందని గీత గీశారు. స్టెరాయిడ్ మాత్ర ప్రెడ్నిసోలోన్ పొద్దున టిఫిను తర్వాత వేసుకుంటే షుగరు పెరిగేది మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా. తెల్లారేసరికి దిగిపోతుంది. పరగడుపు లెక్క చూస్తే ఎప్పుడూ బాగానే ఉంటుంది. మధ్యాహ్నం భోజనమైన రెండు గంటలకు, లేదా రాత్రి భోజనానికి ముందు చూడాలి. ఆఫీసుకు ఈ సంగతి చెబితే ఒప్పుకుని, ఒక ఇంట్లో మధ్యాహ్నం చూశారు: 214. పరగడుపు అంకెలు నమ్ముకుని ఉంటే ఇది తెలిసేది కాదు.

మందుల డబ్బా సర్దడం వీళ్ల బలం. ఏడు రోజుల డబ్బాలో పొద్దున, రాత్రి గదులు వేరుగా సర్ది, కింద తెలుగులో అతికించారు. ఒక ఇంట్లో రక్షణ వ్యవస్థ జోరు తగ్గించే మెథోట్రెక్సేట్ మాత్ర ఉంది. అది వారానికి ఒక్కరోజే. రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి, నోరంతా పుండ్లు పడి, ప్రాణం మీదికి వస్తుంది. డబ్బాలో ఆదివారం గదిలో మాత్రమే పెట్టి, మిగతా షీటు ఇంటి పెద్దావిడ బీరువాలో పెట్టించారు. ఫోలిక్ యాసిడ్ వేరే రోజు. ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. అలాంటి పనే చేసే మైకోఫెనోలేట్ మాత్రలు విరిచి సగం చేసి వెయ్యకూడదని కూడా చెప్పారు.

హైడ్రాక్సీ క్లోరోక్విన్ దగ్గర కొంచెం జాగ్రత్త కావాల్సింది. లూపస్‌లో అందరూ వాడాల్సిన మందు ఇది. దాని లెక్క బరువుకు: కిలోకు రోజుకు సుమారు 5 మిల్లీగ్రాములు. నలభై కిలోల అమ్మాయికి రోజుకు 200 సరిపోతుంది, 400 ఎక్కువ. అరవై కిలోలుంటే 300, అంటే ఒకరోజు 200, ఒకరోజు 400. ఇందుకే బరువు తూచమనేది. భోజనంతో వేసుకుంటే కడుపులో తిప్పదు. గ్యాస్‌కని తాగే యాంటాసిడ్ సీసాకూ దీనికీ నాలుగు గంటలు ఎడం ఉండాలి. పని చెయ్యడానికి రెండు మూడు నెలలు పడుతుంది కాబట్టి, నెల తిరక్కుండానే గుణం లేదని మానేసేవాళ్లు చాలామంది. మొదటి ఏడాదిలో ఒకసారి కంటి వెనక పొర చూపించాలి, అయిదేళ్లు దాటాక ఏటా. కిడ్నీ బాగోలేకపోతే ఏటా చూపించడం ఇంకా ముందే మొదలుపెట్టాలి. పుస్తకంలో కంటి పరీక్షకు గడే లేదు. గర్భం వచ్చిందని ఈ మాత్ర మానేయకూడదన్న మాట కూడా ఎవరూ చెప్పలేదు. అది మానేస్తేనే జబ్బు తిరగబెడుతుంది. మైకోఫెనోలేట్, మెథోట్రెక్సేట్, సెలైన్‌లో ఎక్కించే సైక్లోఫాస్ఫమైడ్ మాత్రం బిడ్డకు హాని. పిల్లలు కావాలనుకుంటే జబ్బు కనీసం ఆరు నెలలు అణిగి ఉన్నాక, ఆ మందులు ముందే మార్పించుకుని ఆలోచించాలి. పెళ్లయిన అమ్మాయి ఉన్న ఇంట్లో నర్సు ఈ సంగతి నోరు విప్పి అడగకపోతే ఇంకెవరూ అడగరు. అత్తగారి ముందు కాకుండా లోపలి గదిలో, ఒంటరిగా అడగాలి.

స్టెరాయిడ్ గురించి చెప్పిన జాగ్రత్త బాగుంది. ముఖం ఉబ్బిందని, ఊళ్లో ఎవరో అన్నారని, ఉన్నట్టుండి ఆపేయకూడదు. వారాల తరబడి వాడినవాళ్లు ఒక్కసారిగా ఆపితే నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం, షుగరు పడిపోవడం వస్తాయి. వాంతులయ్యి మాత్ర నిలవని రోజు ఇంట్లో ఉండకూడదు, ఆసుపత్రిలో సూది రూపంలో ఎక్కించాలి. ఇది తెలుగులో అచ్చువేసి ఇచ్చారు. తొడ మొదట్లో, గజ్జల దగ్గర నడిస్తే నొప్పి వస్తే తుంటి ఎముక చూపించుకోవాలన్నది కూడా అందులో చేరిస్తే ఇంకా బాగుండేది.

ఇప్పుడు జ్వరం. ఈ సర్వీసును ఇక్కడ గట్టిగా మందలించాలి. రెండో నెలలో ఒక పేషెంటుకు సాయంత్రం 101 డిగ్రీలు వచ్చింది. ఫోన్ చేస్తే, పారాసెటమాల్ 650 వేసి రెండు రోజులు చూడండి, లూపస్‌లో జ్వరం మామూలే అన్నారు. లూపస్‌లో జ్వరం నిజంగానే రావచ్చు. అయితే అది జబ్బు జ్వరమా, ఇన్ఫెక్షన్ జ్వరమా అన్నది ఫోన్లో తేల్చే విషయం కాదు, తాకి చూసి తేల్చే విషయమూ కాదు. స్టెరాయిడ్, సైక్లోఫాస్ఫమైడ్ వాడేవాళ్లకు ఇన్ఫెక్షన్ ముదిరేదాకా పెద్దగా జ్వరమే రాకపోవచ్చు. 100.4 దాటిందంటే అదే రోజు చూపించాలి. బ్లడ్ కౌంట్, సీఆర్‌పీ, మూత్రం, అవసరమైతే ఛాతీ ఎక్స్‌రే, బ్లడ్ కల్చర్. ఈఎస్ఆర్, సీఆర్‌పీ రెండూ ఒంట్లో వాపును చూపించే రక్త పరీక్షలు. జబ్బు తిరగబెట్టినప్పుడు ఈఎస్ఆర్ పెరిగి, సీఆర్‌పీ ఎక్కువసార్లు పెద్దగా పెరగదు. సీఆర్‌పీ బాగా పెరిగితే ముందు ఇన్ఫెక్షనే అనుకోవాలి. కల్చర్ తీయకముందే యాంటీబయాటిక్ మొదలుపెడితే క్రిమి దొరకదు. అందుకే మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ వాడకూడదు. అందులోనూ సల్ఫా మందు, అంటే సెప్ట్రాన్ రకం, లూపస్ వాళ్లలో చాలామందికి పడదు, జబ్బును రేపుతుంది.

మన ప్రాంతానికి ఇంకో సంగతి ఉంది. కోరాపుట్, రాయగడ, మల్కనగిరి వైపు ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకం మలేరియా ఎక్కువ. అటు చుట్టాలింటికి వెళ్లొచ్చిన పేషెంటుకు జ్వరమొస్తే రక్తం గీత పరీక్ష అదే రోజు అయిపోవాలి. ఆశా కార్యకర్త దగ్గర కిట్టు ఉంటుంది, పావుగంటలో తెలుస్తుంది. హైడ్రాక్సీ క్లోరోక్విన్ మలేరియా మందే కదా, రోజూ వేసుకుంటున్నాం కదా, మనకెందుకొస్తుందని అనుకునే ఇళ్లున్నాయి. ఈ సర్వీసు సిస్టర్ కూడా అదే మాట అంది. ఆ మందు జాతికి ఫాల్సిపారం ఎప్పుడో లొంగడం మానేసింది. దోమతెర కట్టుకోవాల్సిందే. వానాకాలంలో డెంగీ, చిన్న పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం కూడా వరసలో ఉంటాయి. డెంగీలోనూ ప్లేట్‌లెట్లు పడతాయి, లూపస్‌లోనూ పడతాయి. స్క్రబ్ టైఫస్‌కు చంకలో, గజ్జల్లో, నడుం దగ్గర చీర కుచ్చిళ్ల కింద నల్లటి పొక్కు కోసం వెతకాలి. అది చూసేది నర్సే.

రక్తం తీసే చెయ్యి మాత్రం మంచిది. ఊదారంగు మూత ట్యూబులో రక్తం పోశాక ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చేసి తిప్పారు. ఇది చెయ్యకపోతే రక్తం లోపల గడ్డకట్టి ప్లేట్‌లెట్లు 40 వేలని రిపోర్టు వస్తుంది, ఇల్లంతా ఏడుపులు మొదలవుతాయి.

సైక్లోఫాస్ఫమైడ్ సెలైన్ ఇంట్లోనే ఎక్కిస్తామని వీళ్ల కాగితంలో ఉంది. వద్దు. స్టెరాయిడ్ పల్స్, అంటే సెలైన్‌లో ఎక్కించే పెద్ద డోసు, కూడా ఇంట్లో వద్దు. మిథైల్ ప్రెడ్నిసోలోన్ 500 మిల్లీగ్రాములో 1 గ్రామో తొందరగా ఎక్కిస్తే గుండె లయ తప్పుతుంది. గంటకు తక్కువ కాకుండా మెల్లగా ఎక్కించాలి, పక్కన మానిటర్ ఉండాలి, ముందు పొటాషియం, షుగరు, బీపీ చూసుకోవాలి. సైక్లోఫాస్ఫమైడ్ పదిహేను రోజులకోసారి 500 మిల్లీగ్రాముల చొప్పున ఆరు డోసుల పద్ధతి ఒకటి, నెలనెలా ఎక్కువ డోసు పద్ధతి ఒకటి. ఏదైనా పొద్దునపూట ఎక్కించాలి, రాత్రంతా మందు మూత్రకోశంలో నిలవ ఉండకూడదు. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉండగా ఇంటి మంచం మీద చేయించుకోవాల్సిన అవసరం లేదు.

ఆ మందు ఎక్కించుకుని ఇంటికొచ్చాక మాత్రం ఈ సర్వీసు నిజంగా పనికొచ్చింది. డాక్టరు నీళ్లకు హద్దు పెట్టకపోతే గంట గంటకూ గ్లాసు నీళ్లు తాగించి, రెండు మూడు గంటలకోసారి మూత్రానికి లేపమని చెప్పారు. రంగు గులాబీగా మారితే ఫోన్ చెయ్యమన్నారు. రెండు రోజులు బాత్రూం కడిగే మనిషికి గ్లవ్స్ ఇచ్చారు. తెల్లకణాలు బాగా పడేది మందు తర్వాత సుమారు 8 నుంచి 14 రోజుల మధ్య కాబట్టి, పదో రోజుకు రక్తం తీయడానికి వాళ్లే గుర్తుపెట్టుకుని వచ్చారు.

ఎండ గురించి వీళ్లు చెప్పేది గొడుగు పట్టుకెళ్లండి అని ఒక్క మాట. చాలదు. పల్చటి తెల్ల నూలు చీర కొంగు ముఖానికి అడ్డం వేసుకుంటే చల్లగా ఉంటుంది కానీ కిరణాలు దూరతాయి. నేత చిక్కగా, రంగు ముదురుగా ఉన్న గుడ్డ మేలు. గోపాలపూర్ ఇసుక మీద గొడుగు వేసుకున్నా కింది నుంచి వెలుగు కొట్టి బుగ్గలు ఎర్రబడతాయి. కిటికీ అద్దం పక్కన కుట్టుమిషను పెట్టుకుని కూర్చునేవాళ్లకూ ప్రమాదమే, అద్దంలోంచి కొన్ని కిరణాలు వస్తూనే ఉంటాయి. సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30కి తక్కువ కాకుండా, చూపుడువేలు, మధ్యవేలు రెండింటి పొడవునా గీతలా పిండుకుంటే వచ్చేంత ముఖానికీ మెడకూ కావాలి. బఠాణీ గింజంత రాసుకుంటే రాయనట్టే. బయటికి వెళ్లే ఇరవై నిమిషాల ముందు రాయాలి, బయట ఉన్నంతసేపు రెండు గంటలకోసారి, చెమట పడితే ఇంకా ముందే మళ్లీ రాయాలి. చెవులు, మెడ వెనక, జాకెట్టు వెనక వీపు భాగం అందరూ మరిచిపోతారు.

తిండి విషయంలో ఉప్పు తగ్గించమన్నారు, ఎంతో చెప్పలేదు. రోజు మొత్తానికి గీసిన ఒక చిన్న చెంచా, అంటే 5 గ్రాములు. మన ఇళ్లల్లో అది ఎండుచేపలోనే అయిపోతుంది. వేసవిలో పఖాళ, అంటే నీళ్లు పోసి పులియబెట్టిన చద్దన్నం, తినే అలవాటు మన తెలుగువాళ్లకూ వచ్చింది. చద్దన్నం తప్పు కాదు, పైన చల్లే ఉప్పూ, పక్కన పెట్టుకునే ఆవకాయ, వడియాలే లెక్క దాటిస్తాయి. తెల్లకణాలు తక్కువగా ఉన్న రోజుల్లో రాత్రంతా పులిసిన అన్నం ఎలాగూ వద్దు. ఇమ్యూనిటీ పెంచుతుందని తిప్పతీగ రసం తాగేవాళ్లున్నారు. లూపస్‌లో ఇమ్యూనిటీ పెంచడం ఎవరికీ అక్కర్లేదు. తిప్పతీగ వాడినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులను ముంబై డాక్టర్లు 2021లో ప్రచురించారు. సిస్టర్ ఒక ఇంట్లో పొయ్యి గట్టు మీద ఆ సీసా చూసి కూడా ఏమీ అనలేదు.

భాష సంగతి ముందే కనుక్కోండి. వచ్చే సిస్టర్లలో ఎక్కువమంది ఒడియావాళ్లు. మర్యాదస్తులు, మావుసీ అని పిలిచి మాట్లాడతారు, బజారు తెలుగు వచ్చు. కానీ "ఒళ్లు తిమ్మిరెక్కుతోంది", "తల దిమ్ముగా ఉంది", "గుండెలో కలుక్కుమంటోంది" అన్న మాటలు వాళ్లకు అందవు. లోపలికి గాలి పీల్చినప్పుడు ఛాతీలో కలుక్కుమనడం లూపస్‌లో ఊపిరితిత్తుల పొర వాచిన గుర్తు కావచ్చు. ఒక రోజు పుస్తకంలో దాన్ని గ్యాస్ నొప్పి అని రాశారు. పాతపట్నం, ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చిన తెలుగు సిస్టర్లు ఇద్దరు ఉన్నారు, అడిగితే పంపిస్తారు. అడగాలి.

రాత్రి ఫోన్ రెండుసార్లు ఎత్తారు, ఒకసారి ఎత్తలేదు. మూర్ఛ, ఉన్నట్టుండి పొంతన లేని మాటలు, ఊపిరి ఆడకపోవడం, ఒక పక్క చెయ్యి కాలు లాగేయడం, మూత్రం బాగా తగ్గిపోవడం, వీటికి వీళ్ల ఫోన్ కోసం ఆగకండి, 108కి చెయ్యండి.

కుదుర్చుకోవాలనుకుంటే ఎనిమిది విజిట్ల ప్యాకేజీ బదులు నాలుగు అడగండి, ఇస్తారు. ఒకటి పొద్దున ఏడింటికి, మొదటి మూత్రం, బరువు, నోరు, వాపు, బీపీ కోసం. ఒకటి మధ్యాహ్నం భోజనమయ్యాక షుగరుకు. ఒకటి రక్తం తీయడానికి. ఒకటి మాత్రల డబ్బాకు, అది తెలుగు సిస్టరైతే మంచిది. మిగిలిన డబ్బుతో ఒక స్ట్రిప్పుల డబ్బా, డిజిటల్ థర్మామీటరు, బరువు మిషను కొనుక్కోవచ్చు. పర్లాకిమిడి, గుణుపురం వైపు వీళ్లు రారు. అటువాళ్లకు ఈ మూడు వస్తువులూ, ఒక బీపీ మిషనూ, మలేరియా పరీక్షకు ఊళ్లో ఆశా కార్యకర్తా ఉంటే నెల విజిట్లలో సగం పని ఇంట్లోనే అయిపోతుంది. స్ట్రిప్పుల డబ్బా తెరిచిన రోజే మూత మీద తారీఖు రాయండి. తెరిచాక ఎన్నాళ్లు వాడొచ్చో డబ్బా మీదే ఉంటుంది, అది దాటినవి పారేయండి.